బల్బు ఇంటికి వచ్చింది, జాగ్రత్త రాలేదు

అరకులోయ: కరెంటు ఆదా చేసే బల్బులు మంచివా, చెడ్డవా అనే వాదన మన్యంలో ఇప్పుడు అక్కరలేదు. మంచివే. ఒకప్పటి అరవై క్యాండిల్ గుండు బల్బు ఇచ్చిన వెలుతురును ఇప్పుడు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇస్తున్నది. మీటరు మెల్లగా తిరుగుతున్నది. అయితే బల్బు గుమ్మం దాకా వచ్చినంత తేలికగా దాని వెంట రావలసిన జాగ్రత్తలు రాలేదు. పగిలితే ఏమి చేయాలి, మాడిపోతే ఎక్కడ వేయాలి, సంతలో ఏది కొనాలి, ఏది కొనకూడదు అనే నాలుగు మాటలు ఇల్లిల్లూ తిరిగి చెప్పే నాథుడు లేకపోవడం విచారకరం. ఇది గిరిజనుల అజ్ఞానం అని కొట్టిపారేయడానికి వీలు లేదు. బల్బు ఇచ్చినవారికి, అమ్మినవారికి, పైనుండి చూడవలసినవారికి ఇందులో బాధ్యత ఉన్నది.

నీళ్లు ఇక్కడివే, వెలుగు ఆలస్యం

పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల మీదుగా పారే మత్స్యగెడ్డ నీరు జోలాపుట్ జలాశయంలో చేరుతుంది. ఆ నీటితోనే 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం మొదలయింది. అదే నీరు దిగువకు పోయి సీలేరు కేంద్రాలను తిప్పుతున్నది. ఈ కొండల నీటితో పుట్టిన కరెంటు మైదానాల ఊళ్లలో, పట్నాలలో వెలిగిన ఎన్నో ఏళ్ల తర్వాత గాని కొండమీది గూడేలకు తీగలు రాలేదు. ఆదిమ తెగల ఇళ్లకు కరెంటు ఇవ్వడం కూడా ఒక పనిగా కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో పీఎం జన్‌మన్ పథకం మొదలు పెట్టవలసి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉన్నదో వేరే చెప్పనవసరం లేదు.

ఈ ఆలస్యంలో ఒక చిక్కు దాగి ఉన్నది. మైదానం ఊళ్లలో రెండు మూడు తరాలు గుండు బల్బుతో బతికి, కరెంటుతో ఎలా మెలగాలో మంచీ చెడూ చూసి నేర్చుకున్నాయి. కొండలపైన అనేక ఇళ్లు కిరసనాయిలు బుడ్డి నుండి ఒక్కసారిగా కొత్త బల్బుకు వచ్చాయి. బుడ్డి దీపాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టవచ్చు, తడి చేత్తో తీయవచ్చు, దూలానికి తగిలించవచ్చు. ఆ అలవాట్లే కరెంటు బల్బు దగ్గర ప్రాణం మీదకు తెస్తాయి. కొత్తగా తీగ లాగిన ప్రతి ఇంటికీ ఈ తేడా చెప్పడం తీగ లాగినంత ముఖ్యమైన పని.

బల్బులు ఎలా వచ్చాయి?

అరకు అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఇళ్లకు సీఎఫ్ఎల్ బల్బులు పంచే ఓస్రామ్ కంపెనీ పథకం 2009లో క్యోటో ఒప్పందం కింద ఐక్యరాజ్యసమితి వద్ద నమోదయింది. గుండు బల్బు తీసుకుని మెలికల గొట్టం ఉన్న సీఎఫ్ఎల్ ఇవ్వడం, ఆదా అయిన కరెంటుకు తగ్గ బొగ్గు పొగను లెక్కకట్టి కంపెనీ దానిపై ఆదాయం పొందడం ఈ ఏర్పాటు. అదే ఏడాది కేంద్రం బచత్ లాంప్ యోజన పేరుతో గుండు బల్బుకు బదులు పదిహేను రూపాయలకే సీఎఫ్ఎల్ ఇచ్చే పథకం ప్రకటించింది.

తర్వాత ఎల్‌ఈడీల కాలం వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను దెబ్బతీసిన తర్వాత నగర వీధులకు ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. 2015 జనవరి 5న దేశమంతటికీ ఉజాలా పథకం మొదలయింది. దాని కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 2021 మార్చిలో గ్రామ ఉజాలా మొదలయినప్పుడు మొదటి విడతలో విజయవాడ కూడా ఉన్నది. పాత బల్బు ఇచ్చిన గ్రామస్థుడికి పది రూపాయలకే ఎల్‌ఈడీ బల్బు ఇవ్వడం దాని ఏర్పాటు.

ఈ పథకాలలో ఒక సంగతి గమనార్హం. కొత్త బల్బు ఇచ్చిన చోట పాత గుండు బల్బును లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. గుండు బల్బులో గాజు, సన్న తీగ తప్ప విషం ఏమీ లేదు. లెక్కల కోసం దానిని వెనక్కి తీసుకోగలిగినప్పుడు, పాదరసం ఉన్న సీఎఫ్ఎల్ మాడిపోతే వెనక్కి తీసుకోవడం ఎందుకు కుదరదు? మాడిన సీఎఫ్ఎల్ ఎక్కడ ఇవ్వాలని ఏ గూడెంలో అడిగినా చెప్పగలవారు ఎంతమంది?

గొట్టంలో ఏమున్నది?

సీఎఫ్ఎల్ బల్బు వెలగాలంటే లోపల పాదరసం ఉండాలి. పాదరసపు ఆవిరిలో కరెంటు పారినప్పుడు కంటికి కనబడని కిరణాలు పుడతాయి. గొట్టం లోపలి తెల్ల పొడి వాటిని వెలుతురుగా మారుస్తుంది. ఒక బల్బులో పాదరసం సుమారు 3 నుంచి 5 మిల్లీగ్రాములు ఉంటుంది. పాత జ్వరం గొట్టం, అంటే థర్మామీటరులో సుమారు 500 మిల్లీగ్రాములు ఉండేది. అంటే బల్బులో ఉన్నది దానిలో వందో వంతు. పొడుగు ట్యూబ్‌లైటులో కూడా పాదరసం ఉన్నది. ఎల్‌ఈడీలో లేదు.

కాబట్టి ఇంట్లో ఒక బల్బు పగిలినంత మాత్రాన ఎవరో చనిపోతారని బెంబేలెత్తవలసిన పని లేదు. గొట్టం పగలకుండా ఉన్నంతవరకు పాదరసం బయటికి రాదు. పగిలినప్పుడు మాత్రం ఆవిరి గాలిలో కలుస్తుంది, పొడి నేల మీద పడుతుంది. పాదరసం నరాలకు చెరుపు చేసే విషం. కడుపులో ఉన్న బిడ్డలకు, పాకే పిల్లలకు దాని వల్ల ఎక్కువ హాని. మన్యం ఇళ్లలో పడుకునేదీ, వండుకునేదీ, పిల్లలు ఆడుకునేదీ తరచు ఒకటే గది. నేల మట్టి నేల. పట్నంలో గచ్చు మీద పడిన పొడి తుడిస్తే పోతుంది. మట్టి నేలలో అది ఇంకి, అదే నేల మీద కూర్చుని చోడి అంబలి తాగే పిల్లల చేతులకు అంటుతుంది. జాగ్రత్త ఎవరికైనా అవసరమే గాని, ఇక్కడి ఇళ్లకు ఇంకా ఎక్కువ అవసరం.

పగిలితే చేయవలసినవి

సీఎఫ్ఎల్ గాని, ట్యూబ్‌లైటు గాని పగిలిన వెంటనే పిల్లలను, గర్భిణులను, కోళ్లను, మేకలను బయటికి పంపాలి. తలుపులు, కిటికీలు తెరిచి పావుగంట సేపు అందరూ బయట ఉండాలి. ఈ ఒక్క పని చేస్తేనే చాలా మట్టుకు ప్రమాదం తగ్గుతుంది.

తర్వాత చీపురు పట్టుకోకూడదు. ఇది చాలామందికి వింతగా తోచవచ్చు. చీపురుతో ఊడిస్తే పొడి గదంతా లేచి, చీపురుకు కూడా అంటుకుని మర్నాడు మళ్లీ గదంతా పరుచుకుంటుంది. రెండు గట్టి అట్టముక్కలతో గాజు పెంకులను ఎత్తాలి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోవాలి. మిగిలిన పొడిని తడి కాగితంతో గాని, పాత గుడ్డ పీలికతో గాని అద్ది తీయాలి. మట్టి నేల అయితే పొడి పడిన చోట పై మట్టిని కొంచెం గీరి తీసివేయడం మంచిది. దాని మీదనే పేడతో అలికితే పొడి అడుగున ఉండిపోతుంది గాని పోదు. ఇవన్నీ మూత ఉన్న సీసాలో గాని, గట్టిగా కట్టిన సంచిలో గాని వేసి పిల్లలకు అందని చోట ఇంటి బయట ఉంచాలి. పొయ్యిలో వేయకూడదు. గెడ్డలో, బావి దగ్గర పారవేయకూడదు. చివరికి చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మాడిన ట్యూబ్‌లైట్లు పిల్లలకు ఆటవస్తువులు. గోడకేసి కొడితే టపాకాయలా పేలుతాయని సరదా పడతారు. ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాల పెరళ్లలో వాటిని పడవేసే అలవాటు ఎక్కడ ఉన్నా మానవలసి ఉన్నది. ఉపాధ్యాయులు ఒక్కసారి తరగతిలో చెబితే ఆ మాట పిల్లలతో పాటు ఇంటికి చేరుతుంది.

ఎల్‌ఈడీ అయితే భయం లేదా?

ఎల్‌ఈడీలో పాదరసం లేదు గనుక ఇక భయమేమీ లేదనుకోవడం పొరపాటు. దీని ప్రమాదం వేరు. గుండు బల్బులో సన్న తీగ ఒక్కటే ఉండేది. ఎల్‌ఈడీ అడుగు భాగంలో కరెంటును మార్చి ఇచ్చే చిన్న పరికరం ఉంటుంది. మంచి బల్బులో ఆ పరికరానికి, చేతికి తగిలే పై భాగానికి మధ్య సరైన అడ్డు ఉంటుంది. చవక బల్బులో ఖర్చు మిగుల్చుకోవడానికి ఆ అడ్డునే తగ్గిస్తారు. అప్పుడు రేకు ఒంటికి కరెంటు రావచ్చు. పైన ఉన్న తెల్ల గుల్ల ఊడి వస్తే లోపలి బిళ్లకు చేయి తగులుతుంది. వెలుగుతున్నప్పుడు ఆ బిళ్ల కరెంటు తీగతో సమానం. గుల్ల ఊడినా వెలుగుతున్నది కదా అని వాడటం ప్రాణాలతో చెలగాటమే.

2017లో నీల్సన్ సంస్థ ఢిల్లీ, ముంబయి, అహ్మదాబాద్, హైదరాబాద్ నగరాలలో 200 దుకాణాలను పరిశీలించి, ఎల్‌ఈడీ బల్బుల బ్రాండ్లలో 76 శాతం భద్రతా నిబంధనలకు తగినట్టు లేవని తేల్చింది. హైదరాబాదు వంటి నగరంలోని దుకాణాల సంగతే ఇది. ఇక వారపు సంతలో గోనె మీద కుప్పపోసి, డబ్బా లేకుండా, బిల్లు లేకుండా అమ్మే బల్బులకు హామీ ఎవరు?

కొనేటప్పుడు చూడవలసినది కష్టమైనదేమీ కాదు. ఇంటి వాడకపు ఎల్‌ఈడీ బల్బులకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. నమోదయిన బల్బు మీద ఐఎస్ 16102 అనే అంకె, ఇంగ్లీషు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి. చదువు రాని పెద్దలు బడికి పోయే పిల్లల చేత చూపించుకోవచ్చు. ఆ గుర్తు లేని బల్బు ఇరవై రూపాయలు తక్కువకు వచ్చినా తీసుకోకూడదు.

స్విచ్ ఆపినా మిణుకుమంటే

ఎల్‌ఈడీ వచ్చిన తర్వాత కొన్ని ఇళ్లలో ఒక విడ్డూరం కనబడుతున్నది. స్విచ్ ఆపినా బల్బు సన్నగా మిణుకుమంటూ ఉంటుంది. ఆదా బల్బు గుణమే అంత అనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకోకూడదు. ఎర్ర దీపం ఉన్న స్విచ్ వల్ల కూడా ఒక్కోసారి ఇలా జరుగుతుంది. కాని చాలాచోట్ల కారణం, స్విచ్‌ను ఫేజు తీగ మీద పెట్టకుండా న్యూట్రల్ తీగ మీద పెట్టడం. అలాంటి ఇంట్లో స్విచ్ ఆపినా హోల్డరులోకి కరెంటు వస్తూనే ఉంటుంది. బల్బు మార్చబోయి హోల్డరులో వేలు పెట్టినవారికి షాక్ తప్పదు. గుండు బల్బుకు ఎక్కువ కరెంటు కావాలి గనుక ఈ లోపం బయటపడేది కాదు. కొత్త బల్బుకు చిటికెడు చాలు గనుక బయటపడుతున్నది. ఒక విధంగా అది చేస్తున్న హెచ్చరిక అది. వెంటనే వైరింగు తెలిసినవారి చేత టెస్టరు పెట్టించి సరిచేయించుకోవాలి.

బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఒక్కటే ఆపడం చాలదు. మెయిన్ ఆపాలి, లేదా ఫ్యూజు తీసివేయాలి. చేతులు పొడిగా ఉండాలి. కాళ్లకు చెప్పులు ఉండాలి, లేదా పొడి చెక్క మీద నిలబడాలి. వానాకాలం అరకు కొండలలో గోడలు వారాల తరబడి చెమ్మగానే ఉంటాయి. చెమ్మ గోడకు కొట్టిన హోల్డరు ఎండ గోడకు కొట్టిన దానికంటే ప్రమాదం. సీఎఫ్ఎల్‌ను గొట్టం పట్టుకుని తిప్పకూడదు, అడుగున ఉన్న ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకోవాలి. బల్బు అడుగు గోధుమ రంగుకు మాడినా, కాలిన వాసన వచ్చినా ఆ పూటే తీసివేయాలి. గడ్డి కప్పుకు, ఎండు కట్టెలకు ఆనుకునేలా ఏ బల్బునూ వేలాడదీయకూడదు. వెలుతురు ఎక్కువైందని కాగితం, గుడ్డ చుట్టకూడదు.

కరెంటు పోయినా వెలిగే బ్యాటరీ బల్బుల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొండలలో కరెంటు తరచు పోతుంది గనుక వీటికి గిరాకీ ఉన్నది. అమ్మేవాడు బల్బు అడుగును అరచేతిలో పట్టుకుని వెలిగించి చూపుతాడు. అది లోపలి బ్యాటరీతో వెలుగుతున్నది గనుక చేతికి ఏమీ కాదు. కాని చూస్తున్న పిల్లవాడికి అందే పాఠం ఏమిటి? బల్బు కొసలు చేత్తో పట్టుకోవచ్చునని. అదే చేయి రేపు గోడ మీది హోల్డరులోకి పోతే ఎవరిది తప్పు? ఈ బల్బులు కొన్న ఇళ్లలో పెద్దలు ఈ తేడా పిల్లలకు విడమరచి చెప్పాలి. ఉబ్బిన, అతిగా వేడెక్కే బ్యాటరీ బల్బును మళ్లీ హోల్డరుకు పెట్టకూడదు.

ఎవరికైనా షాక్ కొడితే వారిని నేరుగా చేత్తో లాగకూడదు. ముందు మెయిన్ ఆపాలి. అది కుదరకపోతే పొడి కర్రతో తీగను తప్పించి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మాడిన బల్బు ఎక్కడికి పోవాలి?

పాదరసం అంటిన గాజును అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో కొండ ప్రాంతంవారు తెలుసుకోవలసిన ఉదాహరణ తమిళనాడులో ఉన్నది. కొడైకెనాల్ కొండ మీద హిందుస్తాన్ లీవర్ వారి థర్మామీటర్ల కర్మాగారం ఉండేది. పాదరసం అంటిన విరిగిన గాజు ఊళ్లోని పాత సామాను దుకాణంలో బయటపడడంతో ప్రజలు ఆందోళన చేశారు. 2001లో కర్మాగారం మూతపడింది. కర్మాగారపు వ్యర్థాన్ని ఇంటి బల్బుతో పోల్చడం సరికాదు. అయినా బల్బులు ఒకటి రెండు కాదు, లక్షలు. పాత ఇనుము కొనేవారి సంచులలో, గెడ్డ ఒడ్డున చెత్తలో ఒక్కొక్కటే చేరితే ఆ లెక్క చిన్నది కాదు. నీటిలో చేరిన పాదరసం చేపలలో పోగవుతుందని జపానులోని మినమాటా ఊరు ప్రపంచానికి చూపింది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం వల్ల అక్కడ చేపలు తిన్నవారి నరాలు దెబ్బతిన్నాయి. 1956లో ఆ జబ్బు బయటపడింది.

ఆ ఊరి పేరుతోనే ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. భారతదేశం 2018లో దానిని ఆమోదించింది. ఇళ్లలో వాడే 30 వాట్ల వరకు సీఎఫ్ఎల్ బల్బుల తయారీ, ఎగుమతి, దిగుమతి 2025తో ముగించాలని ఆ ఒప్పందపు దేశాలు 2022లో తీర్మానించాయి. కాలం చెల్లిన బల్బు అంటే ఇక పట్టించుకోనక్కరలేదని అర్థం కాదు. అటకల మీద, హోల్డర్లలో మిగిలిన పాత సీఎఫ్ఎల్‌లు మాడిపోయి చెత్తలోకి వచ్చే కాలం ఇదే. మన దేశంలో 2016 నాటి ఈ వ్యర్థాల నిబంధనలలోనే పాదరసం ఉన్న దీపాలను చేర్చారు. 2023 ఏప్రిల్ నుండి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఈ వ్యర్థాలు సరైన చోటికి చేరి శుద్ధి అయ్యేలా చూసే బాధ్యత తయారీదారులది. నిబంధన కాగితం మీద ఉన్నది. దాని కొస కొండమీది గూడెం దాకా రావాలి.

కొత్త ఖర్చు అక్కరలేదు

దీనికి కొత్త శాఖ, కొత్త కార్యాలయం అవసరం లేదు. ఉన్నవారు తలుచుకుంటే చాలు. ప్రతి గ్రామ సచివాలయంలో మూత ఉన్న ఒక డబ్బా పెట్టి, మాడిన సీఎఫ్ఎల్, ట్యూబ్‌లైట్లు అందులో వేయించవచ్చు. సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటు దానికి బాధ్యుడు కావచ్చు. నిండిన డబ్బాలను తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ తన వాహనాలలో కిందికి చేర్చి, శుద్ధి చేసేవారికి అప్పగించవచ్చు.

గిరిజన సహకార సంస్థ డిపోలు కొండలలో ఇంటి సరుకులు అమ్ముతూనే ఉన్నాయి. ప్రమాణాల గుర్తు ఉన్న ఎల్‌ఈడీ బల్బులను న్యాయమైన ధరకు అక్కడ ఉంచితే సంతలోని గోనె మీది బల్బుకు గిరాకీ దానంతట అదే తగ్గుతుంది. మాడిన బల్బు తెచ్చినవారికి కొత్త బల్బుపై రెండు రూపాయలు తగ్గించినా చాలు, బల్బులు గెడ్డలోకి పోవు. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఆశా కార్యకర్తల ద్వారా, అంగన్‌వాడీల ద్వారా ఈ జాగ్రత్తలను బొమ్మలతో, తెలుగులోనే గాక కువి, ఆదివాసీ ఒడియా భాషలలో కూడా చెప్పించాలి. కొత్తగా కరెంటు ఇచ్చే ఇంట్లో స్విచ్ ఏ తీగ మీద ఉన్నదో టెస్టరుతో చూసిన తర్వాతనే బల్బు వెలిగించాలి. గుర్తు లేని బల్బులు సంతలకు చేరకుండా ప్రమాణాల సంస్థ అధికారులు పట్నంలోని టోకు దుకాణాల వద్దనే అడ్డుకోవాలి.

ఇవన్నీ చెబితే జనం భయపడి మళ్లీ బుడ్డి దీపానికి పోతారని వాదించేవారు లేకపోలేదు. ఆ వాదనలో పస లేదు. కత్తి తెగుతుందని చెప్పినంత మాత్రాన కత్తి వాడటం ఎవరూ మానలేదు. పోడు కొట్టేవారికి, ఏరు దాటేవారికి ప్రమాదం అంటే ఏమిటో ఒకరు నేర్పనక్కరలేదు. ఏది ప్రమాదమో, ఏది కాదో విడదీసి చెబితే వారు జాగ్రత్త పడతారు. చెప్పకుండా ఉంచితేనే, ఒక ఇంట్లో జరిగిన షాక్ చావు పది ఊళ్లలో కరెంటు మీదనే భయం పుట్టిస్తుంది.

గుండు బల్బును ఇంటింటా లెక్కపెట్టి తీసుకోగలిగిన యంత్రాంగానికి పాదరసం బల్బును తీసుకోవడం చేతకాదంటే ఎవరూ నమ్మరు. విద్యుత్ పంపిణీ సంస్థ, గిరిజన సహకార సంస్థ, పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ అధికారులు ఒకచోట కూర్చుని, రాబోయే వానాకాలం లోపల ఒక్క మండలంలోనైనా ఈ డబ్బాలు పెట్టించి చూడవలసి ఉన్నది.